ఫొటోలోకి దూరిన కెమెరా

ఈమధ్య ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ షష్టిపూర్తికి వెళ్ళినా, ఆఖరికి ఎవరి సంవత్సరీకానికి వెళ్ళినా ఒక తతంగం తప్పటం లేదు. భోజనాలకి ముందో, అక్షింతలయ్యాకో హాల్లో లైట్లు ఆర్పేస్తారు. వేదిక పక్కన గోడంత ఎల్.ఇ.డి. తెర వెలుగుతుంది. తాతల నాటి ఫొటోలు ఒకటొకటే వస్తాయి. వస్తే మంచిదే, చూసి సంతోషిస్తాం. కానీ అవి వచ్చి వూరుకోవటం లేదు, కదులుతున్నాయి. యాభై ఏళ్ళ కిందట ఫొటోగ్రాఫరు "కదలకండి" అంటే బిర్రబిగుసుకుని కూర్చున్న తాతగారు కుర్చీతో సహా మన మీదికి వచ్చేస్తారు. ఆయన వెనకున్న తులసికోట మెల్లిగా పక్కకి తప్పుకుంటుంది. కెమెరా ఆయన భుజం పక్కనుంచి దూరి, అరుగెక్కి, వీధిగుమ్మం దాకా పోతుంది. హాలంతా "అబ్బ!" అంటుంది. చప్పట్లు!

నేను మాత్రం చప్పట్లు కొట్టను. ఎందుకు కొట్టనో చెబుదామనే ఈ నాలుగు ముక్కలూ. "ఈవిడకి ఏదీ నచ్చదమ్మా!" అని మీలో కొందరు అనుకుంటారని తెలుసు. మా వదిన ఆ మాట ఎప్పుడో అనేసింది. అయినా కాస్త వినండి.

ముందు ఆ గారడీ ఎలా చేస్తారో తెలుసుకోవాలి. తెలుసుకోకుండా తిట్టటం నాకు అలవాటు లేదు. గరివిడి స్టేషన్లో పాసింజరు ఎక్కి నెల్లిమర్ల మీదుగా విజయనగరం వెళ్తున్నారనుకోండి. కిటికీ పక్కన కూర్చుని చూస్తే పట్టాల పక్కనున్న స్తంభాలు విసవిసా వెనక్కి పరుగెడతాయి. పొలం గట్టు మీది తాటిచెట్లు నింపాదిగా నడుస్తాయి. దూరాన కొండ వుంటుంది చూడండీ, అది మాత్రం మనతోపాటే ప్రయాణం చేస్తున్నట్టు కదలదు. దగ్గరిది త్వరగా, దూరానిది నెమ్మదిగా. ఈ తేడా చూసే మన కళ్ళు "ఇది దగ్గర, అది దూరం" అని లెక్క కట్టుకుంటాయి. ఆ తేడానే దొంగగా పుట్టించగలిగితే, బల్లపరుపు బొమ్మలో కూడా లోతు వుందని కళ్ళు నమ్మేస్తాయి. అంతే కిటుకు.

దొంగగా ఎలా పుట్టిస్తారంటే, ఫొటోని కంప్యూటర్లో పెట్టి మనుషుల అంచుల వెంట కత్తిరిస్తారు. కూర్చున్నవాళ్ళు ఒక పొర, నిలబడ్డవాళ్ళు ఒక పొర, ఇల్లు ఒక పొర, ఆకాశం వుంటే అదో పొర. వాళ్ళ భాషలో లేయర్లు. మనం దసరాకి బొమ్మలకొలువు పెట్టినట్టు ఒక్కో పొరనీ ఒక్కో మెట్టు మీద నిలబెడతారు. వెనకమెట్టు మీద పెట్టింది చిన్నదిగా కనిపిస్తుంది గనక దాన్ని సరిపడా పెద్దది చేస్తారు. ఎదురుగా నిలబడి చూసినంతసేపూ ఫొటో మామూలు ఫొటోలాగే వుంటుంది. అప్పుడు ఆ కొలువు ముందు ఒక కెమెరా పెడతారు. నిజం కెమెరా కాదు, లెక్కల్లో వుండే కెమెరా. దానికి అద్దం లేదు, మోసేవాడు లేడు. మొదట ఎక్కడుండాలో చివర ఎక్కడుండాలో గుర్తు పెడితే చాలు, మధ్యదారి అదే నడుస్తుంది. అది నడిచేసరికి పొరలు విడిపోయి తాతగారు ముందుకి, తులసికోట పక్కకి.

ఈ పని చేసే సాఫ్ట్‌వేర్లలో నలుగురి నోటా నానిన పేరు ఆఫ్టర్ ఎఫెక్ట్స్. 1993లో అమెరికాలో పుట్టింది. తర్వాత అడోబీ కంపెనీ చేతికొచ్చింది. 2001లో వచ్చిన అయిదో వెర్షన్‌తో పొరలకి లోతూ, ఈ లేని కెమెరా కూడా వచ్చిపడ్డాయి. ఒకప్పుడు పెద్ద సినిమా కంపెనీలకే చేతనైన విద్య ఇవాళ చీపురుపల్లి రోడ్డు మీద ఫ్లెక్సీలు కొట్టే దుకాణంలో కూడా దొరుకుతోంది. విద్య ఊరూరా పాకటం మంచిదేగా అంటారు. మంచిదే. విద్య మీద నాకేం కోపం లేదు.

నిజం చెప్పాలంటే మొదట్లో నాకు నవ్వే వచ్చేది. ఆ కత్తిరింపులు చూడాలి మీరు! పెళ్ళికూతురి ముంగురులు కత్తిరించటం చేతకాక నున్నగా గొరిగేస్తారు. జడలో మల్లెచెండు సగం ఎగిరిపోతుంది. పల్చటి వోణీలోంచి వెనక గోడ కనిపిస్తూ వుంటుంది గదా, వోణీతోపాటు ఆ గోడ ముక్క కూడా అంటుకుని ఊరేగుతుంది. కెమెరా కాస్త ఎక్కువ పక్కకి జరిగిందంటే మనుషులు మందం లేని అట్టముక్కలైపోతారు. సినిమాహాలు ముందు హీరోల కటౌట్లు వుంటాయి చూశారూ, మా ఇంటిల్లిపాదీ అలా కటౌట్లయి నిలబడ్డారొకసారి. కొబ్బరికాయ కొట్టి పాలాభిషేకం చెయ్యటం ఒక్కటే తక్కువ!

ఇంకో తమాషా. పాత గ్రూపుఫొటోల పద్ధతి మీకు తెలిసిందే. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు వెనక నిలబడి. మా పిన్ని వాళ్ళ ఫొటోలో పిన్ని బాబాయి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ రోజుల్లో అది సాహసమే. కత్తిరించిన మహానుభావుడు బాబాయిని ముందుపొరలో వేశాడు. భుజం మీద చెయ్యి కూడా బాబాయితోపాటు ముందుపొరలోకి పోయింది. కెమెరా కదలగానే పిన్ని వెనక్కి జారిపోయింది, చెయ్యి మాత్రం మొగుడి భుజం మీదే వుండిపోయింది. పిన్ని కూడా నవ్వింది. "చెయ్యి ఆయనకిచ్చేసే గదే వచ్చాను" అంది.

ఇంతవరకూ నవ్వులాటే. నవ్వు ఆగేది చిల్లు దగ్గర.

చిల్లు అంటున్నానేమిటా అనుకుంటున్నారు గదా. తాతగారిని కత్తిరించి ముందుమెట్టు మీద పెట్టారు, బాగానే వుంది. మరి ఆయన వెనక ఏముంది? ఆయన అడ్డంగా వున్నారు గనక ఏముందో ఫొటోకి తెలీదు. ఆయన్ని తీసిన చోట ఆయన ఆకారంలో చిల్లు పడుతుంది. కెమెరా పక్కకి జరిగిందంటే ఆ చిల్లు బయటపడుతుంది. అందుకని దాన్ని నింపాలి. పక్కనున్న గోడ ముక్కని తీసుకొచ్చి అతుకుతారు. నా చిన్నతనంలో అమ్మ బొంతకి మాసిక వేసినట్టు, ఒకప్పుడు అది గంటల తరబడి చేత్తో చేసే పని. 2023 నుంచీ ఫొటోషాప్‌లో ఆ పని కృత్రిమ మేధే చేసిపెడుతోంది. ఇక్కడ చిల్లుంది అని చూపిస్తే చాలు, ఎవరూ కట్టని గోడా ఎవరూ నాటని చెట్టూ క్షణంలో మొలిపిస్తుంది.

లెక్క చూడండి. మన వీడియోల్లో సెకనుకి 25 బొమ్మలు. ఒక ఫొటో తెరమీద అయిదు సెకన్లు కదిలితే 125 బొమ్మలు. ఆనాడు ఫొటోగ్రాఫరు తీసింది ఒక్కటి. మిగిలినవన్నీ ఎవరూ ఎన్నడూ చూడనివి. పోనీ అవి గోడలూ చెట్లే గదా అంటే, అక్కడే నా అభ్యంతరం. పొరలుగా కోసేటప్పుడు ఎవరు పొర అవుతారు, ఎవరు గోడ అవుతారు అన్నది ఎవరో ఒకరు నిర్ణయించాలి. ముందు కూర్చున్నవాళ్ళ గురించి ఎవరికీ అనుమానం రాదు. అంచుల్లో, నీడల్లో, సగంసగం పడ్డవాళ్ళతోనే తంటా. వాళ్ళని కోస్తే సగం మనిషి గాల్లో వేలాడుతుంది, కొయ్యకుండా వదిలేస్తే చిల్లు నింపటానికి అడ్డం. సులువైన మార్గం ఏమిటంటే చెరిపేసి గోడ వేసెయ్యటం.

మా ఇంట్లో జరిగింది చెబుతాను.

అమ్మానాన్నల పెళ్ళయి యాభై ఏళ్ళు నిండాయని పిల్లలమంతా కలిసి చిన్న వేడుక చేశాం. మా తమ్ముడు పాత ఫొటోలన్నీ పోగుచేసి వీడియో చేయించాడు. అందులో పెళ్ళి మర్నాడు పెరట్లో తీసిన గ్రూపుఫొటో వుంది. విజయనగరం నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు తీసిందట. బడి నుంచి తెచ్చిన కుర్చీల్లో మగపెళ్ళివారు, జంపఖానా మీద పిల్లలు, వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక ఇంటి గుమ్మం. ఆ గుమ్మంలో, తలుపుకి సగం చాటుగా, మా పెద్దమ్మ.

పెద్దమ్మ అమ్మకి స్వయానా అక్క. పదిహేడేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. మేం నలుగురం ఆవిడ చేతుల మీదే పెరిగాం. ఆ పెళ్ళికి సారె అరిసెలన్నీ ఆవిడే వండింది. వండటానికి పనికొచ్చింది గాని ఫొటోకి పనికిరాలేదు. శుభమా అని కొత్త దంపతుల్ని కూర్చోబెట్టి ఫొటో తీస్తుంటే ఎదురు రాకూడదు గదా! ఎవరూ పిలవలేదు. అయినా వచ్చి గుమ్మంలో నిలబడింది. ముఖం సగం, కన్ను ఒకటి, ద్వారబంధం మీద చెయ్యి, తెల్లచీర అంచు. అంతే ఆవిడ. ఆవిడకి మరో ఫొటో లేదు. నేను డిగ్రీ చదివే రోజుల్లో పోయింది. అప్పుడు దండ వెయ్యటానికి పటం కట్టిద్దామంటే ఈ సగం ముఖం తప్ప మరేం దొరకలేదు.

హాల్లో లైట్లార్పారు. మా ఫొటో వచ్చింది. కెమెరా కదిలింది. నాన్న ముందుకొచ్చాడు, అమ్మ పక్కకి జరిగింది, మేనత్తలు తప్పుకున్నారు. కెమెరా తిన్నగా ఆ గుమ్మం దగ్గరికే వెళ్ళింది. గుమ్మం ఖాళీగా వుంది. శుభ్రంగా, నున్నగా, ఎప్పుడూ ఎవరూ నిలబడనట్టు. చప్పట్లు మోగుతుంటే అమ్మ చీకట్లో నా చెయ్యి పట్టుకుని, "అప్ప ఏదే? ఆ గుమ్మంలో వుండాలి గదా!" అంది.

మర్నాడు ఆ వీడియో చేసిన అబ్బాయిని వెతుక్కుంటూ వెళ్ళాను. పేరూ ఊరూ చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. కుర్చీ తుడిచి వేశాడు, టీ తెప్పించాడు. మర్యాద తెలిసినవాడు. అడిగితే ఏమీ దాచలేదు.

"ఆవిడ సగమే పడ్డారు గదండీ మేడమ్. కట్ చేత్తే సెయ్యొక్కటే గాల్లో ఏలాడతాది. బాగోదని గోడేసేసినాను."

"ఒకమాట అడగొచ్చుగా బాబూ?"

"నూట నలభై ఫొటోలండి. మూడ్రోజులు టైమిచ్చినారు. ఎవులు కనిపెడతారులే అనుకున్నాను."

ఇంతకన్నా నిజాయితీ అయిన జవాబు నాకెవరూ ఇవ్వలేదు. ఎవరు కనిపెడతారు? పెద్దమ్మ వెళ్ళి సంజాయిషీ అడుగుతుందా? తమ్ముడి పిల్లలకి ఆవిడెవరో తెలీదు. నలుగురం అన్నదమ్ములూ అప్పచెల్లెళ్ళం, అమ్మ, మరో ఇద్దరు ముసలివాళ్ళు. మేం పోతే కనిపెట్టేవాళ్ళు లేరు. ఆ అబ్బాయి మీద నాకు కోపం రాలేదు. ముహూర్తాల రోజుల్లో రాత్రుళ్ళు నిద్ర లేకుండా పనిచేస్తాడు. వాడికి ఇచ్చింది ఫొటో, అడిగింది కదలిక. "ఫొటోలు ఊరికే వస్తే బోరుగా వుంటుంది, కెమెరా లోపలికెళ్ళినట్టుండాలి" అన్నది మనమే. డబ్బిచ్చి అన్నాం.

మీ ఇంట్లో పాత ఆల్బం వుంటే ఒకసారి తీసి చూడండి. ముందు వరస వదిలేసి వెనక్కి చూడండి. వితంతువులైన అత్తలు. వంటకి వచ్చిన బ్రాహ్మణమ్మ. పసిపిల్లని ఎత్తుకుని ఆడించే పనిపిల్ల. సన్నాయి చంకన పెట్టుకుని పక్కకి నిలబడ్డ సన్నాయాయన. మాటలు సరిగా రాని పిల్ల వుందని చెప్పటం ఇష్టంలేక పెద్దవాళ్ళ కుచ్చిళ్ళ చాటున దాచిన పిల్ల. వీళ్ళందరినీ ఫొటోలోంచి తప్పిద్దామనే ఆనాటి పెద్దలు చూశారు. కెమెరాకి ఆ మర్యాదలు తెలియవు గనక ఎదురుగా ఏముంటే అది పట్టుకుంది. వాళ్ళలా పొరపాటున మనకి దక్కారు. ఆనాడు కట్టుబాటు చెయ్యలేకపోయిన పనిని ఇవాళ లేయర్లు చేసిపెడుతున్నాయి. పైగా ఎవరికీ చెడ్డ వుద్దేశం లేదు! అదీ నాకు భయం వేసే సంగతి.

"సినిమావాళ్ళు ఇలాంటివి మొదటినుంచీ చేస్తూనే వున్నారుగా, అప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడేమిటి?" అని మా వదిన. మంచి ప్రశ్నే. 1957లో వచ్చిన మాయాబజార్ చూడనివాళ్ళుండరు. అందులో ద్వారక పట్టణం బొమ్మల పట్టణమే. కె.వి. రెడ్డిగారు, మార్కస్ బార్ట్లేగారు కలిసి చిన్నచిన్న ఇళ్ళు కట్టించి, వాటిలో దీపాలు పెట్టించి, కెమెరాతో మనల్ని మహానగరం మీద తిప్పినట్టు భ్రమింపజేశారు. నేటికీ ఆ భ్రమ చెక్కుచెదరలేదు. 2015లో బాహుబలి వచ్చేనాటికి మాహిష్మతిని చాలావరకు కంప్యూటర్లోనే పొరలుపొరలుగా కట్టేశారు. నేను నోరు తెరుచుకుని చూశాను. అక్కడ చెరిపేసేందుకు ఎవరూ లేరు. ద్వారకలో మా పెద్దమ్మ లేదు. అది కథ అని తెలిసే టిక్కెట్టు కొన్నాం. ఇంటి ఫొటోకి టిక్కెట్టు లేదు. అది నిజమని నమ్మే చూస్తాం.

ఈ పొరల విద్యకే ఒక కథ వుంది. పుస్తకాల్లో చాలాచోట్ల దీన్ని వాల్ట్ డిస్నీ ఖాతాలో వేస్తారు. గాజు పలకల మీద బొమ్మలు గీసి, ఒకదాని కింద ఒకటి ఎడంగా పేర్చి, పైనుంచి కెమెరాతో తీసే పెద్ద యంత్రాన్ని ఆయన కంపెనీ 1937లో ఓల్డ్ మిల్ అనే చిన్న చిత్రానికి వాడింది. ఆ ఏడాదే స్నోవైట్‌కీ వాడింది. కానీ అంతకు పదేళ్ళకి పైగా ముందే జర్మనీలో లొట్టే రైనిగర్ అనే ఆవిడ కత్తెరతో నల్లకాగితం బొమ్మలు కత్తిరించి, గాజు పలకల మీద పొరలుగా పేర్చి పూర్తి నిడివి చిత్రం తీసింది. ప్రిన్స్ అక్మద్ సాహసాల కథ, 1926లో విడుదలైంది. ఇవాళ మనకి మిగిలిన పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాల్లో అన్నిటికన్నా పాతది అదే. ఆవిడ పేరు మీలో ఎంతమంది విన్నారు? డిస్నీ పేరు వినని పసివాడు లేడు. చూశారా, పొరల విద్య కనిపెట్టిన ఆడమనిషినే వెనకపొరలోకి నెట్టేశారు!

ఫొటోలని ఇలా కోసి కదిపే పద్ధతికి పేరు తెచ్చింది 2002లో వచ్చిన ఒక అమెరికన్ డాక్యుమెంటరీ. రాబర్ట్ ఎవాన్స్ అనే సినీ నిర్మాత కథ. దాని పేరు "ద కిడ్ స్టేస్ ఇన్ ద పిక్చర్". మన మాటల్లో చెప్పాలంటే "కుర్రాడు పిక్చర్లోంచి పోడు" అని. కుర్రాళ్ళెప్పుడూ పోరు లెండి.

"ఒరిజినల్ ఫొటో ట్రంకుపెట్టెలో వుందిగా, దాన్నెవరు ముట్టుకున్నారు?" ఇది మా తమ్ముడి వాదన. వుంది, కాదనను. ట్రంకుపెట్టె మేడమీద వుంది. తాళంచెవి ఎక్కడుందో అమ్మకి కూడా సరిగా తెలీదు. ఆ వీడియో మాత్రం మా బంధువుల్లో పదిహేడుగురి ఫోన్లలో వుంది. అమెరికాలో వున్న మేనకోడలికి తెలిసిన తాతగారిల్లు ఆ వీడియోలో ఇల్లే. రేపు దాన్లోంచే ఒక బొమ్మ తీసి ఫ్రేము కట్టిస్తుంది. కట్టించింది కూడా. గుమ్మం ఖాళీగా వున్న ఫొటోయే ఇక అసలుది. చెదలు కంటే ఇది నయం అంటారా? చెదలు తిన్నచోట చిల్లైనా కనిపిస్తుంది.

వీడియోలు వచ్చిన కొత్తలో పెళ్ళిళ్ళు ఎలా తీసేవారో గుర్తుందా? భుజం మీద బస్తాలా కెమెరా, వెనక వైరు పట్టుకుని ఒకడు, కళ్ళు బైర్లు కమ్మే లైటు పట్టుకుని ఇంకొకడు. ఆ లైటు వేడికి పురోహితుడు చెమటలు కక్కేవాడు. కెమెరా పందిట్లోంచి మండపం దగ్గరికి వెళ్ళాలంటే దారి కావాలి. "జరగండమ్మా, జరగండి!" అని అరిచేవాడు. మన ముసలమ్మలు తక్కువవాళ్ళా? "పెళ్ళి చూద్దామని వచ్చాం గాని నీ వీపు చూద్దామని కాదురా!" అని వాడిని దులిపేసేవారు. కొందరు జరిగేవారు, కొందరు జరిగేవారు కాదు. జరగని వాళ్ళ కొప్పు సినిమా అంతా అడ్డంగా వుండేది. దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు కూడా అంతే గదా. మూడులాంతర్ల నుంచి కోటదాకా సిరిమాను కదిలితే జనం కదిలి దారి ఇస్తారు. ఏదైనా నిజంగా కదలాలంటే ఎవరో ఒకరిని అడగాలి. లెక్కల్లో కెమెరాకి ఆ బాధ లేదు. అది ఎవరినీ జరగమనదు. జరగాల్సినవాళ్ళు లేకుండా పోతారు.

అలాగని పాతఫొటో దగ్గరికి కెమెరానే తేవద్దని నేననటం లేదు. కెనడాలో 1957లో సిటీ ఆఫ్ గోల్డ్ అనే చిన్న డాక్యుమెంటరీ వచ్చింది. బంగారం కోసం జనం ఎగబడిన ఒక పట్నం కథ. పాత ఫొటోల మీద కెమెరాని మెల్లిగా నడిపించారు. ఏదీ కత్తిరించలేదు. తర్వాత అమెరికాలో కెన్ బర్న్స్ ఆ దారే పట్టి 1990లో వాళ్ళ అంతర్యుద్ధం మీద పెద్ద టీవీ సీరియల్ తీశాడు. ఇవాళ ఫోన్లలో, కంప్యూటర్లలో ఆ నడకకి ఆయన పేరే పెట్టారు. ఫొటో మీద నడిచే కెమెరా మనం చూడనిదాన్ని చూపిస్తుంది. ముందు వరసలో మొదలై, మెల్లిగా పైకి పోయి, గుమ్మం దగ్గర ఆగి, సగం ముఖం మీద నిలబడిందనుకోండి, హాల్లో వున్న రెండొందల మందీ "ఎవరావిడ?" అని అడుగుతారు. అడగాలనే గదా ఫొటోలు వెయ్యటం! ఫొటో మీద నడవటం వేరు, ఫొటోలోకి దూరటం వేరు. నడిచేది వున్నదాన్ని చూస్తుంది. దూరేదానికి దారి కోసం ఇల్లు కూల్చాలి.

ఆ అబ్బాయి చేత వీడియో మళ్ళీ చేయించాను. నూట నలభైలో గ్రూపుఫొటోలు ముప్ఫై ఒకటి తేలాయి. వాటిలో ఒక్కటీ కొయ్యొద్దన్నాను. ఒంటరిగా నిలబడ్డవాళ్ళ ఫొటోలు, వెనక ఫొటో స్టూడియో పరదా తప్ప మరేం లేనివి, నీ ఇష్టం వచ్చినట్టు కదుపుకో అన్నాను. వాడికి పని తగ్గింది, నాకు డబ్బు తగ్గలేదు, అది వేరే సంగతి. పని అయ్యాక వాడే ఫోన్ చేసి, "మేడమ్, ఇంకో ఫొటోలో కూడా ఆవిడ సెయ్యి కనపడతందండి, బావి గట్టుకాడ. అది కూడా ఉంచీమంటారా?" అన్నాడు. పరుగున వెళ్ళి చూశాను. బావిగట్టు దగ్గర చేంతాడు లాగుతున్న చెయ్యి, మోచేతి దాకా. ఆవిడదే. అరిసెల పాకం కాలిన మచ్చ వుంది.

కనక మీరు ఈసారి స్టూడియోకి ఫొటోలిచ్చేటప్పుడు ఇంట్లో మగపిల్లాడి చేత పంపించి వూరుకోకండి. స్వయంగా వెళ్ళండి. గ్రూపుఫొటోలు వేరే కవర్లో పెట్టి, "వీటిని కొయ్యటానికి వీల్లేదు, చెరపటానికి అసలే వీల్లేదు" అని రాసివ్వండి. నోటితో చెబితే ముహూర్తాల హడావిడిలో మరిచిపోతారు. వీడియో అయ్యాక హాల్లో వెయ్యకముందే ఇంట్లో పెద్దావిడ ఎవరినైనా కూర్చోబెట్టి చూపించండి. ఎవరు లేరో ఆవిడకి తెలుస్తుంది, మనకి తెలీదు. స్కాన్ చేయించినప్పుడు ఏ మార్పూ చెయ్యని కాపీ ఒకటి అడిగి తీసుకుని, వీడియో ఎందరికి పంపితే అందరికీ దాన్నీ పంపండి. ఇక ఇవన్నీ చెయ్యకముందు, పెద్దవాళ్ళు ఇంకా పేర్లు చెప్పగలిగే స్థితిలో వుండగానే, ఫొటో వెనక ఒక్కొక్కరి పేరూ రాయించుకోండి. కుర్చీలవాళ్ళతో మొదలుపెట్టి గుమ్మం దాకా, సన్నాయాయనతో సహా. రాసేది మెత్తటి పెన్సిల్‌తో, వొత్తకుండా రాయండి. బాల్‌పెన్నుతో రాస్తే ముద్ర ముందువైపు ముఖాల మీదికి దిగుతుంది.